పేరు ఒకటే, విత్తనం ఒకటేనా?

జాబితాను సెట్‌లో వేస్తే డూప్లికేట్లు పోతాయన్నది పైథాన్ నేర్చుకునేవాళ్లకు మొదట అందే సలహా. అంకెలకు, పేర్లకు అది చెల్లుతుంది. జాబితాలో ఉన్నవి డిక్షనరీలైతే ప్రోగ్రామ్ టైప్‌ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. సెట్‌లో చేరేదానికి హాష్ విలువ ఉండాలి. ఎప్పుడైనా మార్చగలిగే డిక్షనరీకి అది ఉండదు.

డిక్షనరీల జాబితాలో డూప్లికేట్లు తీసేయడానికి మూడు దారులున్నాయి. మొదటిది, ఖాళీ జాబితా ఒకటి పెట్టుకుని, అందులో లేని డిక్షనరీనే చేర్చుకుంటూ పోవడం. వందల్లో ఉంటే ఇది హాయి. 1.28 లక్షల రికార్డులుంటే మాత్రం పోలికలు 800 కోట్లు దాటవచ్చు. రెండోది, ప్రతి డిక్షనరీలోని జతలను వరుసలో పేర్చి టపుల్‌గా మార్చి, ఆ టపుల్ ఇంతకుముందు కనబడిందేమో సెట్‌లో చూడడం. ఒక్క చుట్టుతో పని పూర్తవుతుంది. విలువల్లో జాబితాలుంటే మాత్రం మళ్లీ అదే ఎర్రర్. మూడోది, నంబరు లాంటి ఒక్క కీని బట్టి ఏరడం. ఆ కీ ఏదన్నది పైథాన్ చెప్పదు.

ఆ కీని ఎంచుకోవడం ఎంత బరువైన పనో హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో తెలుస్తుంది. 1972లో ఏర్పడిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు అక్కడున్న జీన్‌బ్యాంక్‌లో, అంటే విత్తన నిధిలో, జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1.28 లక్షలకు పైగా ఉన్నాయి. ప్రతిదానికీ నంబరు, పేరు, సేకరించిన చోటు, ఇచ్చిన సంస్థ వంటి వివరాలతో పాస్‌పోర్ట్ డేటా ఉంటుంది. జొన్న నంబర్లు ఐఎస్‌తో, కంది నంబర్లు ఐసీపీతో మొదలవుతాయి.

విత్తనం చేతులు మారినకొద్దీ కొత్త నంబరు పడుతుంది. రెండు సంస్థల మీదుగా వచ్చిన ఒకే విత్తనం రెండు రికార్డులవుతుంది. నంబరుతో ఏరితే ఆ డూప్లికేట్ దొరకదు. పేరుతో ఏరితే ఇంకా ప్రమాదం: జహీరాబాద్ వైపు రెండు ఊళ్ల పచ్చజొన్న పేరుకు ఒకటే అయినా గుణంలో వేరు కావచ్చు. మాల్దండి జొన్న నుంచి ఏరి తీసిందే ఎం 35-1 రకం. అంతమాత్రాన రెండూ ఒకటి కావు.

పైగా కొన్ని నకళ్లు కావాలని ఉంచుకునేవే. నార్వేలోని స్వాల్‌బార్డ్‌లో 2008లో తెరిచిన విత్తన భాండాగారానికి ఇక్రిశాట్ లక్షకు పైగా నమూనాలు పంపింది. ఇక్కడ ఏ ఆపద వచ్చినా అక్కడి గింజ మిగలాలని.

కాబట్టి అనుమానం వచ్చిన రికార్డును తీసేయకూడదు. ఏ నంబరుకు నకలని అనుమానమో ఆ రికార్డులోనే మరో కీలో రాసిపెట్టాలి. విత్తనం తెలిసినవాళ్లు పొలంలో రెంటినీ పక్కపక్కన పెంచి చూసి తేల్చాకే తీసివేత. అసలు ఫైలు అప్పుడు కూడా చెక్కుచెదరకుండా ఉండాలి.