చీటీల లెక్క

సుజాన్ కాలిన్స్ రాసిన 'ది హంగర్ గేమ్స్' (2008) చేతికందగానే పిల్లలు పోరాటం మొదలయ్యే పేజీల కోసం పరుగెడతారు. ఇరవై నలుగురిని బరిలోకి తోలి, ఒక్కరే మిగిలేదాకా చంపుకోమనే కథ కదా, తొందర సహజమే. ఆ నవల ఆయువుపట్టు మాత్రం మొదటి అధ్యాయంలోని చిన్న లెక్కలో ఉంది.

బరిలోకి ఎవరు వెళ్లాలో చీటీలు తీసి తేలుస్తారు. పానెం దేశంలో రాజధాని బయట, పన్నెండేళ్లు నిండిన ప్రతి బిడ్డ పేర ఒక చీటీ పడుతుంది. ఏటా మరొకటి చేరుతుంది. పేదింటి పిల్లలు అదనంగా ఒక చీటీ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాదికి ఏదో కాస్త గింజలు, నూనె ఇస్తారు. పాత చీటీలు పోవు. కథానాయిక కాట్నిస్ తనకూ, తల్లికీ, చెల్లికీ కలిపి ఏటా మూడు తీసుకుంటుంది, తన వంతు ఒకటి. పదహారేళ్లకు 20 చీటీలు. ఐదుగురి కడుపు నింపే ఆమె స్నేహితుడు గేల్‌కు పద్దెనిమిదేళ్లకు 42. అదే ఊరి మేయర్ కూతురికి ఐదే!

పెన్సిల్ పట్టుకుని ఈ కూడికలు వేసుకుంటేనే ఆ రాజ్యం నడిచే తీరు బోధపడుతుంది. చట్టం అందరికీ ఒక్కటే, చావు మాత్రం ఆకలి ఇంటివైపే మొగ్గుతుంది. పైగా గింజలు తీసుకున్నవాడు తనంతట తానే ఒప్పుకున్నట్టు కనిపిస్తాడు. గేల్ కోపం మేయర్ కూతురి మీదికి మళ్లుతుంది. పేదలూ, కాస్త తినగలిగినవాళ్లూ ఇలా కొట్టుకోవడమే రాజధానికి కావలసిందని అతనికీ తెలుసు.

కాట్నిస్‌ది బొగ్గు గనుల ఊరు, తండ్రి గని పేలుడులో పోయాడు. భూపాలపల్లి సింగరేణి గనుల పక్కన పెరిగిన పిల్లలకు ఆ ఇల్లు కొత్త కాదు.

వరంగల్ పాఠకులకు ఇంతకన్నా దగ్గరి దారి దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'. ఆయన 1928లో చిన్నగూడూరులో పుట్టారు. ఒకప్పటి వరంగల్ జిల్లా ఊరు, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నిజాం కాలపు దొర, అతని కోటలాంటి గడీ, వెట్టి, అక్కడ దాసిగా బతికే ఆడబాప ఆ నవల నిండా కనిపిస్తారు. ఊహాలోకం కట్టే రచయిత దాని నియమాలు చెప్పి తీరాలి, లేకపోతే కథ నడవదు. గడీలో మాత్రం నియమం ఏ కాగితం మీదా ఉండదు. పెళ్లయిన దొర కూతురి వెంట ఆడబాప కూడా అత్తగారింటికి వెళ్లాల్సిందే. ఎందుకంటే ఆచారం.

అందుకే ఇంటర్ పిల్లల చేత ఈ రెండూ పక్కపక్కనే చదివించాలని ఈ కాలమిస్టు గట్టిగా కోరుకుంటున్నాడు. పానెంలో నియమాలు వెతకడం అలవాటైన కన్ను గడీలోనూ వెతుకుతుంది. ఇక్కడ చీటీ ఏది? గింజలు ఎవరి చేతిలో ఉన్నాయి?

హింస ఎక్కువని పెద్దల అభ్యంతరం. అమెరికాలోనూ ఈ నవలను గ్రంథాలయాల నుంచి తీసేయమని 2010, 2011లలో చాలా ఫిర్యాదులు వెళ్లాయి. అయితే హింస ఉందని మన పిల్లలకు పాలకుర్తి చాకలి ఐలమ్మ కథ చెప్పకుండా ఉంటామా? ఆమె కౌలు పొలం పంట తనదేనని విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల్ని పంపితే, రైతుల పక్షాన నిలిచిన సంఘం కార్యకర్తలు అడ్డం నిలిచి ఆ ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు.