నాగార్జునకొండ బౌద్ధము: రాజాశ్రయమా, వర్తకమార్గమా?

మతవ్యాప్తికి రాజాశ్రయమే మూలమను నభిప్రాయము మనలో బాగుగ నాటుకొని యున్నది. కృష్ణాతీరమున బౌద్ధము వర్ధిల్లుట ఇక్ష్వాకు రాజుల మహిమయే యని తఱచుగ వినుచున్నాము. శాసనములను స్వయముగ పరిశీలించినచో నీ మాట యట్లే నిలుచునట్లు తోపదు.

నాగార్జునకొండ మహాచైత్యపు స్తంభములమీది ప్రాకృత శాసనములు వంశస్థాపకుడగు వాసిష్ఠీపుత్ర చాంతమూలుని వాజపేయాశ్వమేధ యాజిగ, మహాసేనుని యనుగ్రహమునకు పాత్రుడైనవానిగ గొనియాడుచున్నవి. బుద్ధుని చైత్యముమీదనే రాజు వైదికుడని చెక్కించిన దాతల నిస్సంకోచము గమనింపదగినది. ఆ దాతలలో ముఖ్యులు అంతఃపుర స్త్రీలు. చాంతమూలుని సోదరి చాంతిసిరి వీరపురుషదత్తుని 6వ యేట స్తంభములను నెలకొల్పినది. ఉజ్జయిని రాజపుత్రి రుద్రధర భట్టారికయు నొక దాత్రి. రాజు తాను యజ్ఞములు చేయుచు, స్త్రీలచేత వర్తకులను తృప్తిపఱచెనని కొందఱు దీనిని రాజనీతిగ వ్యాఖ్యానింతురు. ఊహ చమత్కారముగనే యున్నది గాని, శాసనములందు దాని కొక్క యక్షరమైన నాధారము లేదు. ఉభయలోక హితమునకును, నిర్వాణ సంపదకును ఇచ్చితినని మాత్రమే చాంతిసిరి చెప్పుకొన్నది.

ఇంతకంటె విలువైన సాక్ష్యము ఉపాసిక బోధిసిరి శాసనము. ఈమె రాణి కాదు. గోవగామ నివాసియగు గృహపతి కుటుంబమునకు చెందినది. వీరపురుషదత్తుని 14వ యేట చులధమ్మగిరిపై చైత్యగృహము గట్టించి తామ్రపర్ణి స్థవిరుల కర్పించినది. ఆ స్థవిరులు కాశ్మీర, గాంధార, చీన, తోసలి, వంగ, వనవాసి, యవన, ద్రవిడాది దేశములను ప్రసన్నము గావించిరట! స్తుతి యంతయు నమ్మ నక్కఱలేదు. అయినను ఇన్ని దేశముల పేర్లు ఈ కొండల నడుమ నెట్లు వినవచ్చినవి? సమాధాన మామె తక్కిన దానములలో నున్నదని నా తలంపు. పూర్వశైలమున తటాకము, పాపిలమున నేడు గదులు, కంటకసోల మహాచైత్యపు తూర్పు ద్వారమున శిలామండపము ఆమె యిచ్చినవి. కంటకసోల నేటి ఘంటసాల. క్రీస్తుశకము 2వ శతాబ్దిలో టాలెమీ దానిని వర్తకస్థానముగ పేర్కొనెను. అచ్చటి శాసనమొకటి శివకుడను మహానావికుని దెలుపుచున్నది. రేవునుండి లోయవఱకు ఒక యుపాసిక దానములు వ్యాపించి యుండగా, లోయలో సింహళ విహార ముండుట యబ్బురము కాదు.

అట్లని రాజకుటుంబమును త్రోసివేయరాదు. మహాచైత్యమంతటి కట్టడమునకు వారి ధనమే యాధారము. కాని యా ధన మొక్క బౌద్ధమునకే పోలేదు. ఎహువుల చాంతమూలుని 11వ యేట సేనాపతి ఎలిసిరి యిదే లోయలో సర్వదేవాలయమును గట్టించి సంస్కృతమున శాసనము వ్రాయించెను. రాజకుటుంబమును, రాజోద్యోగులును కట్టడములను లేపిరి; భిక్షువులను దెచ్చినది సముద్రమార్గము.

బోధిసిరి శాసనమున కార్యము నడపిన మువ్వురు స్థవిరులును, ఱాతిపని చేసిన విధికుడను శిల్పియు పేర్కొనబడిరి. వీరపురుషదత్తుని పేరు సంవత్సరమును దెలుపుటకే వచ్చినది.