గొడుగు పట్టిన చెయ్యి

కడప జిల్లా కైఫీయత్తుల మీద ఈ వారం ఒక చిన్న పుస్తకం చేతికొచ్చింది. అట్ట చూడగానే మనసు చివుక్కుమంది. ఊరూరి ఆ రాతలను పోగుచేయించిన కర్నల్ మెకంజీ ముఖం ఒక్కటే ఉంది. థామస్ హిక్కీ 1816లో మద్రాసులో వేసిన ఆ పటంలో నలుగురుంటారు. నడుమ ఎర్రకోటులో దొర, ఆయన వెనకా పక్కనా ముగ్గురు మనవాళ్లు. ఒకరి చేతిలో తాటాకుల కట్ట, ఇంకొకరి చేతిలో దుర్భిణి. అట్ట కొలతకు సరిపోవాలని ఆ ముగ్గురినీ కత్తిరించేశారు.

పటాన్ని అంచుల నుంచి చూడాలని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. అది మా అవ్వ నేర్పిన చూపు. శ్రీరామనవమికి పట్టాభిషేకం పటానికి దండ వేస్తూ, "సామిని అందరూ చూస్తారు లేరా, గొడుగు పట్టుకున్నోన్ని చూడు" అనేది. వాల్మీకంలో ఆ తెల్లగొడుగు పట్టింది శత్రుఘ్నుడు. వింజామరలు వీచింది సుగ్రీవుడు, విభీషణుడు. ఇద్దరూ రాజులే! ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి, ఎవరి చేతిలో ఏముండాలి, కొలువులో అన్నిటికీ లెక్కే. పటంలో హనుమంతుడికి పాదాల దగ్గర చోటు. మన ఒంటిమిట్ట గర్భగుడిలో ఆ చోటూ లేదు, సీతారామలక్ష్మణులే. హనుమను కలవకముందటి రాములోరని స్థలపురాణం. అవ్వకు ఆ జవాబు ఎప్పుడూ చాలలేదు.

హిక్కీ పటమూ కొలువే. మన భాషలు రాని మెకంజీకి ఊరూరి కరణాల రాతలు తెప్పించి, చదివి, అర్థం చెప్పింది కావలి సోదరులూ వాళ్ల మనుషులూ. ఆ ముగ్గురిలో కావలి లక్ష్మయ్య ఉన్నాడంటారు. మెకంజీ 1821లో పోయాడు. తర్వాత ఆ పని తాను సాగిస్తానని లక్ష్మయ్య అడిగితే కలకత్తా ఏషియాటిక్ సొసైటీ కాదంది. పటంలో నిలబెట్టిన చోటునే బతుకులోనూ ఉంచారు.

అందుకే ఇలాంటి దొర పటాలు మనకెందుకని నా కోపం. ఈ అట్ట చూశాక ఆ మాట నోట రావడం లేదు. హిక్కీ వాళ్లకు అంచే ఇచ్చాడు, కానీ ముఖాలు గీశాడు, చేతుల్లో వాళ్ల పనిముట్లు ఉంచాడు. ఆ అంచును తీసేసింది మన కత్తెర. మలి ముద్రణలో పటం మొత్తం వేయండి, లక్ష్మయ్య పేరు కింద రాయండి. నలుగురూ పట్టాలంటే దొర ముఖం చిన్నదవుతుంది. కానీండి.