ఆపిల్‌ను అడ్డంగా కోస్తే

సెప్టెంబరు 22, 23 తేదీల్లో పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు దాన్ని గమనించను కూడా గమనించరు. లండన్‌లో అలా కుదరదు. అక్కడ ఆ రోజుల్లో పగలు రోజుకు సుమారు నాలుగు నిమిషాల చొప్పున తరిగిపోతుంది. వారం తిరిగేసరికి దాదాపు అరగంట వెలుతురు తగ్గుతుంది. డిసెంబరు చివరికి పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. ఆ చీకట్లోకి అడుగుపెట్టే ముందు కాసేపు ఆగి, చేతికందిన పంటకు దణ్ణం పెట్టుకోవడమే బ్రిటన్ ప్రాచీన పూజారుల పేరును తమకు పెట్టుకున్న నేటి డ్రూయిడ్లు ‘ఆల్బన్ ఎల్‌ఫెడ్’ అని పిలుచుకునే పండుగ.

ఇది ప్రాచీన క్రతువేమీ కాదు. పాతకాలపు డ్రూయిడ్లు తమ విద్యను రాతలో పెట్టేవారు కాదని జూలియస్ సీజరే రాశాడు. అందుకే వాళ్ల పూజావిధానం మనదాకా రాలేదు. స్టోన్‌హెంజ్ రాతి వలయం కూడా వాళ్లు కట్టింది కాదు. వాళ్ల పేరు వినబడటానికి రెండు వేల ఏళ్లకు పైగా ముందే ఆ రాళ్లు అక్కడున్నాయి. ఇప్పటి సంప్రదాయానికి విత్తు నాటింది వేల్స్ కవి ఇయోలో మోర్గాన్వుగ్. వృత్తిరీత్యా రాతిపనివాడు. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద కవుల సభ జరిపాడు. ప్రాచీనమని ఆయన చూపించిన వాటిలో చాలా భాగం ఆయన అల్లినదే. ఆ తర్వాత 1964లో రాస్ నికల్స్ స్థాపించిన డ్రూయిడ్ సంఘం ఏడాదికి ఎనిమిది పండుగల చక్రాన్ని పాటిస్తూ వచ్చింది. కొత్తది కనుక విలువ లేదంటే నేను ఒప్పుకోను. ఏ పండుగనైనా ఎవరో ఒకరు మొదటిసారి చేసుకునే ఉంటారు కదా!

ఈ పండుగనాడు నలుగురూ కూడినప్పుడు వలయంగా నిలబడతారు. నాలుగు దిక్కులకూ తిరిగి శాంతి కోరతారు. తర్వాత దిక్కుకొక ప్రాణిని పిలుస్తారు: తూర్పుకు డేగ, దక్షిణానికి దుప్పి, పడమటికి సాల్మన్ చేప, ఉత్తరానికి ఎలుగుబంటి. ఆకురాలు కాలానిది పడమటి దిక్కు, నీటి తత్వం. సాల్మనే ఎందుకు? ఐర్లండ్ పురాగాథలో జ్ఞానమంతా హేజల్ కాయల్లో ఉంటుంది. అవి నీళ్లలో రాలితే సాల్మన్ తింటుంది. నిజంగానే హేజల్ కాయలు పండేదీ, గుడ్లు పెట్టడానికి సాల్మన్ చేపలు నదికి ఎదురీదేదీ ఈ కాలంలోనే. ఏటి ఒడ్డున నిలబడి చూసినవాళ్లకే తట్టే కథ అది.

ఒంటరిగా చేసుకునేవాళ్లకు ఇంతకన్నా సులువు. రోజూ ఒకే చెట్టు కింద పావుగంట ఊరికే కూర్చుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పదోరోజుకి ఏ కొమ్మ ముందు పసుపెక్కిందో, ఏ పిట్ట రావడం మానేసిందో వాళ్లకు తెలుస్తుంది. పండుగనాడు ఒక ఆపిల్ తీసుకుంటారు. తొడిమ నుంచి నిలువునా కాకుండా, నడుముకు అడ్డంగా కోస్తారు. తెల్లటి గుజ్జు నడుమ ఐదు కోణాల నక్షత్రం, ఒక్కో గదిలో నల్లటి గింజలు! సగం తిని, మిగతా సగం చెట్టు మొదట్లో పెడతారు.

ఇంగ్లిషులోని ‘ఆటమ్’ అనే మాటను మనం ‘శరదృతువు’ అనేస్తాం. కానీ మన శరత్తంటే పుచ్చపువ్వు లాంటి వెన్నెల, తేరుకున్న చెరువులు, తంగేడు, గునుగు. మనకు ఆకులు రాలేది శిశిరంలో. ఆ వెంటనే ఉగాది చిగుళ్లు. బ్రిటన్‌లో ఆకు రాలాక చిగురు కోసం నెలల తరబడి చీకట్లో ఎదురుచూడాలి. పంటకు చెప్పుకునే కృతజ్ఞతలో అక్కడ కాస్త దిగులు కలిసేది అందుకే. అక్కడి తెలుగువాళ్లు బతుకమ్మ ఆడేదీ దాదాపు ఆ రోజుల్లోనే, ఆ తరిగే పగళ్లలోనే.

అక్టోబరు 31న ఆ పండుగల చక్రంలో తర్వాతిదైన ‘సావిన్’ వస్తుంది. మన మహాలయ అమావాస్యలాగే అదీ పోయినవాళ్లను తలచుకునే రోజు. బల్ల మీద ఒక కంచం ఎక్కువ పెడతారు. కొందరు ఆ రాత్రి మాట్లాడకుండా భోంచేస్తారు. అప్పటికి చెట్టు మొదట్లోని ఆపిల్ ముక్కను ఏ పిట్టలో తినేసి ఉంటాయి. ఆ చోటును రాలిన ఆకులు కప్పేసి ఉంటాయి.