రంగారావు గొంతు ఎక్కడి నుంచి వస్తోంది?

హోమ్ థియేటర్ రిసీవర్ కొనబోయే మనిషి వాట్లతోనే మొదలెడతాడు. "అన్నా, ఒకదాని మీద చానెల్‌కి 145 వాట్లని ఉంది, ఇంకోదాని మీద 70 అంతే. ధరలు మాత్రం దగ్గర దగ్గర. ఏమిటీ మాయ?" నాకు ఈ పెట్టెల పిచ్చి ఉందని తెలిసిన బంధుమిత్రులు ఫోన్ చేసేది ఇందుకే. నా జవాబు వాళ్లకు ఒక పట్టాన రుచించదు. సినిమాలో మాట తెలుస్తోందా, పాటలో గొంతు గొంతులా ఉందా, ఈ రెండూ చూసి కొనుక్కో, బాంబుల మోత సంగతి తర్వాత చూద్దువుగాని అంటాను.

వాట్ల మోజు మనకు ఊరికే అంటుకోలేదు. ఒకప్పుడు టూ-ఇన్-వన్‌ల ముఖాన 'పీఎంపీఓ' అని వేలల్లో అంకెలు అచ్చేసేవారు. గోడకి పెట్టే చిన్న అడాప్టర్‌తో నడిచే సెట్టు అన్ని వేల వాట్లు ఎక్కడి నుంచి తెస్తుందని అడిగినవాడు లేడు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి ఎస్‌టీకే ఐసీ, ట్రాన్స్‌ఫార్మర్, రేకు డబ్బా కొనుక్కొచ్చి ఆంప్లిఫయర్ బిగించుకున్న తరం మాది. వాటిలో కొన్ని నిజంగా బాగా పాడేవి కూడా. అయితే బాగుందనడానికి మా కొలబద్ద ఒక్కటే, పక్కింటి కిటికీ అద్దాలు అదరాలి.

ఇప్పటి కంపెనీలు అంత అబద్ధం ఆడవు. నిజాన్నే తమకు నచ్చిన షరతుల మీద చెబుతాయి. యమహా ఆర్ఎక్స్-వీ385 అనే చవక 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌ఊఫర్) రిసీవర్ వివరాల కాగితం చూడండి. ఒకే పెట్టెకి మూడు అంకెలు కనిపిస్తాయి: 70, 100, 135. రెండు చానెళ్లు కలిసి పనిచేస్తూ, 20 నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా అన్ని స్వరాలూ శుభ్రంగా ఇవ్వాలంటే 70. ఒక్క చానెలే నడుస్తూ, ఒక్క వెయ్యి హెర్ట్జ్ స్వరమే పలుకుతూ, కాస్త గరగరకి ఒప్పుకుంటే 100. గరగర పదో వంతు వచ్చినా ఫరవాలేదంటే 135. ఫోన్‌లో నన్నడిగిన మా వాడు చూసి మురిసిన 145, సోనీ ఎస్‌టీఆర్-డీహెచ్590ది, ఆ నడిమి రకం లెక్క. కాబట్టి 70కీ 145కీ పోటీ పెట్టడమే తప్పు.

పోనీ నిజంగా తేడా ఉందనుకున్నా చెవికి తెలిసేది బహు కొద్ది. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్. శబ్దం రెట్టింపైందని చెవికి తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పదింతల వాట్లు కావాలి. 70 నుంచి 100కి వెళ్తే వచ్చేది ఒకటిన్నర డెసిబెల్. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న మామూలు స్పీకర్ ఒక్క వాటుకే మీటరు దూరంలో అంత శబ్దం చేస్తుంది. మనం ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మాట 60 చుట్టూ ఉంటుంది. పది బై పదిహేను హాల్లో రాత్రి భోజనాలయ్యాక సినిమా చూసే కుటుంబం ఎక్కువసేపు వాడుకునేది ఒకటి రెండు వాట్లే.

అయినా చాలా ఇళ్లలో రిమోట్ చేతిలోంచి దిగదు. మాటలకి సౌండ్ పెంచడం, ఫైటు రాగానే తగ్గించడం. దీనికి తిట్లన్నీ సౌండ్ ఇంజినీరు తింటాడు గాని, సగం దోషం సెంటర్ స్పీకర్‌ది. 5.1 సినిమాలో మాటలు దాదాపు అన్నీ ఆ మధ్య స్పీకర్ నుంచే వస్తాయి. మనవాళ్లు అన్నిటికన్నా చిన్నది దాన్నే కొంటారు. టీవీ స్టాండు అరలోకి, సెట్‌టాప్ బాక్సు వెనక్కి తోస్తారు. దాన్ని ముందుకు జరిపి, మూతి చెవివైపు కాస్త ఎత్తి, రిసీవర్‌లో సెంటర్ లెవెల్ రెండు డెసిబెల్స్ పెంచండి. పైసా ఖర్చు లేదు.

ఇక్కడే నా పరీక్ష ఒకటుంది. 1957 నాటి 'మాయాబజార్' పెట్టి ఎస్వీ రంగారావు ఘటోత్కచుడిగా మాట్లాడే చోట ఆగుతాను. ఆ గొంతు తెర మీద నిలబడ్డ మనిషిదిలా ఉండాలి. 'అన్నీ ఒకే డబ్బాలో' అని అమ్మే చాలా సెట్లలో అది సోఫా పక్క మూలనుంచి వస్తుంది. కారణం ఉంది. మగవాళ్ల గొంతులో అడుగు స్వరం ఇంచుమించు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య తిరుగుతుంది. పిడికెడంత శాటిలైట్ స్పీకర్లు అంత కిందికి దిగలేవు. అందుకని 150, ఒక్కోసారి 200 హెర్ట్జ్ దగ్గరే గీత గీసి, దాని కిందదంతా సబ్‌ఊఫర్‌కి తోసేస్తారు. రంగారావు ఛాతీ ఒకచోట, నోరు ఒకచోట అయిపోతాడు. కాస్త పెద్ద బుక్‌షెల్ఫ్ స్పీకర్లుంటే ఆ గీత 80 దగ్గర పెట్టుకోవచ్చు. అంతకన్నా కింద శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు కాబట్టి సబ్‌ఊఫర్ మూలన ఉన్నా ఇబ్బంది లేదు. ఈ గీతని మనం మార్చుకోనిచ్చే రిసీవర్ అయితేనే తీసుకోండి. నా దృష్టిలో వాట్ల కన్నా ఇదే ముఖ్యం.

పాటల దగ్గర మరో చిక్కు. ఘంటసాల కాలపు సినిమా పాటలు మోనో. కుడి, ఎడమ చానెళ్లలో ఉండేది ఒకటే. రిసీవర్‌లో 'సరౌండ్' మోడ్ పెడితే, రెండు పక్కలా ఒకేలా ఉన్నదంతా మధ్యలోదే అనుకుని మొత్తం పాటని సెంటర్ స్పీకర్‌లోకి నెట్టేస్తుంది. ఇక 'హాల్', 'స్టేడియం' లాంటి బటన్లు నొక్కితే మాస్టారు బావిలో దిగి పాడినట్టుంటుంది. పాటకి 'డైరెక్ట్' గాని 'స్టీరియో' గాని పెట్టాలి. రిమోట్ మీద ఆ బటన్ నేరుగా ఉందా, నాలుగు మెనూల లోపల దాక్కుందా అన్నది కొనేముందు చూసుకోవలసిన విషయమే. ఇంట్లో పెద్దావిడ పొద్దున్నే భక్తి పాటలు వేసుకోవాలంటే మెనూలు వెతకలేదు కదా.

మైకు పెట్టి గదిని కొలిచే ఏర్పాటు ఇప్పుడు చవక రకాలకూ దిగింది. యమహాలో వైపావో, చాలా డెనన్‌లలో ఆడిస్సీ. ఈ ఆడిస్సీ వెనక ఉన్న ఇద్దరు ఆచార్యుల్లో ఒకరు టామ్లిన్సన్ హోల్మన్, సినిమా హాళ్లకి టీహెచ్ఎక్స్ ప్రమాణం తెచ్చినాయన. అంతటివాడు చేసినా మన హాల్లో ఫ్యాన్ తిరుగుతుంటే, వంటింట్లో కుక్కర్ కూస్తుంటే, వీధిలో ఉల్లిపాయల బండి మైకులో అరుస్తుంటే కొలత కొలతలా రాదు. రాత్రిపూట ఫ్యాన్ ఆపి, మైకుని సోఫా మీద పడేయకుండా కెమెరా స్టాండుకి బిగించి చెవి ఎత్తున పెట్టండి. అయ్యాక సెట్టింగ్స్ చూస్తే, చిన్న స్పీకర్లను కూడా 'లార్జ్' అని రాసుకుని కూర్చునే అలవాటు కొన్నిటికి ఉంది. 'స్మాల్' చేసి 80 పెట్టడం మన చేతి పని.

ఎంత కొలిచినా గదిని పూర్తిగా దిద్దడం రిసీవర్ తరం కాదు. నున్నటి టైల్స్, పుట్టీ పెట్టిన గోడలు, అద్దాల షోకేసు ఉన్న హాల్లో చప్పట్లు కొట్టి వినండి, టింగుమని తిరిగొస్తుంది. ఆ మోతే మాటని చెరిపేస్తుంది. సోఫాకీ టీవీకీ మధ్య మందపాటి జంపఖానా, కిటికీలకి బరువైన కర్టెన్లు వేస్తే రిసీవర్ మార్చినంత తేడా వస్తుంది. ఆ షోకేసులోనే రిసీవర్ పెట్టి తలుపు మూయకండి. దానికి పైన గాలి కావాలి. వెచ్చగా ఉంటుందని లోపల బల్లి కాపురం పెట్టే ప్రమాదమూ ఉంది, మెకానిక్‌లని అడిగితే కథలు చెబుతారు.

టీవీతో కలిపే తీగ గురించి ఒక్క మాట. టీవీలో ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ రంధ్రమే వాడండి. ఓటీటీ యాప్‌లు ఇచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ దాన్లో వస్తుంది, ఆప్టికల్ తీగలో రాదు. టీవీ సౌండ్ సెట్టింగ్ పీసీఎం మీద ఉంటే 5.1 కాస్తా రెండు చానెళ్లవుతుంది.

లక్ష రూపాయలుంటే ఎలా పంచమంటావని మా వాడు నిలదీశాడు. మూడో వంతు రిసీవర్‌కి, దానికి మించొద్దన్నాను. పెద్ద వాటా ముందు మూడు స్పీకర్లకి, మూడూ ఒకే సిరీస్‌వి ఉండాలి, లేకపోతే మనిషి నడుస్తుంటే గొంతు రంగు మారిపోతుంది. మిగిలింది సబ్‌ఊఫర్‌కి. వెనక స్పీకర్లు బోనస్ వచ్చినప్పుడు కొనుక్కోవచ్చు. అవి లేవని మెనూలో చెబితే రిసీవర్ ఆ శబ్దాలను ముందు వాటిలోకి కలిపేస్తుంది, ఏదీ పోదు.

"మరి అట్మాస్ లేకపోతే ఎలా అన్నా? అందరూ అదే అంటున్నారు" అన్నాడు. ఓటీటీలో వచ్చే అట్మాస్ సినిమా అడుగున మామూలు 5.1 ఉంటుందనీ, చవక రిసీవర్ దాన్ని తీసుకుని పాడుతుందనీ, మాట ఒక్కటీ తగ్గదనీ చెప్పాను. అట్మాస్ కోసం పైకప్పు స్పీకర్లు పెట్టాలనే ఉంటే, ముందు వాళ్ల ఓనరుగారిని స్లాబుకి నాలుగు బెజ్జాలు కొట్టుకోనిస్తారేమో కనుక్కోమన్నాను.