రెండు దారులు కలవని చోటు

మన వ్యాకరణంలో ఇత్వసంధి వైకల్పికం. 'ఏమి + అంటివి' అని మొదలుపెడితే 'ఏమంటివి' అనీ రావచ్చు, 'ఏమియంటివి' అనీ రావచ్చు. రెండూ ఒప్పే. బళ్ళో ఇదేమీ వింతగా తోచలేదు. యాన్ విల్లెమ్ క్లోప్ 1980లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథం 'కాంబినేటరీ రిడక్షన్ సిస్టమ్స్' చదువుతుంటే ఆ సంధి మళ్ళీ గుర్తుకొచ్చింది.

గణనలో ఇలాంటి వికల్పాన్ని ఎవరూ కోరుకోరు. 2+3ని ముందు 5 చేసి రెట్టింపు చేసినా, విడివిడిగా రెట్టింపు చేసి కలిపినా 10 రావాల్సిందే. ల్యాంబ్డా కాల్క్యులస్‌లో దారులు ఎక్కడ చీలినా మళ్ళీ కలుపుకోవచ్చని చర్చ్, రాసర్ 1936లో నిరూపించారు. మరి దానికి ఇంకో నియమం చేరిస్తే? ఒక జతలోంచి మొదటిదీ రెండోదీ విడదీసి మళ్ళీ జతకడితే పాత జతే రావాలి. ఇంతకంటే అమాయకమైన నియమం ఉంటుందా?

ఆ నియమం చేరితే దారులు కలవకపోవచ్చని క్లోప్ చూపించాడు. చిక్కంతా 'ఈ రెండూ ఒకటేనా' అని పోల్చి చూడాల్సి రావడంలో ఉంది. తేలిక చేసి చెప్తాను. ద(క, క) అచ్చంగా ఒకేలా ఉన్న రెంటిని చూస్తే ఫ అవుతుంది. చ(క) అనేది ద(క, చ(క)) అవుతుంది. అ అనేది చ(అ) అవుతుంది. ఇప్పుడు చ(అ) నుంచి ద(అ, చ(అ)) వస్తుంది. అందులో మొదటి అని చ(అ)గా మారిస్తే రెండూ ఒకటే, ఫలితం ఫ. అంటే అ నుంచి ఫ చేరాం. కానీ చ(అ) లోపలి అనే ముందు ఫ చేసేస్తే చ(ఫ) మిగులుతుంది. అది ద(ఫ, చ(ఫ)) అవుతుంది. ఇది ఫ కావాలంటే లోపలి చ(ఫ) ముందే ఫ అయి ఉండాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు!

జతల నియమానికి రుజువు ఇంకా కష్టం. వేరు మాత్రం ఇదే.

ఈ పుస్తకం సులువైనది కాదు. సంకేతాల అడవిలో నేను చాలాసార్లు దారి తప్పాను. కానీ క్లోప్ కూల్చి ఊరుకోలేదు. నియమం ఎడమవైపు ఏ చరరాశీ రెండుసార్లు రాకుండా, నియమాలు ఒకదానిమీదొకటి పడకుండా ఉంటే దారులు కలుస్తాయని హద్దు గీసి చూపించాడు. నాకు ఎదురుదృష్టాంతం కన్నా ఈ హద్దే విలువైనది.

ఇదంతా తనను తానే మింగే వింత పదాలతో గారడీ అనేవాళ్ళున్నారు. జతల ఊసులేని పదాల మధ్య ఆ నియమం కొత్త సమానతలేవీ పుట్టించదని రూల్ ద వ్రేయర్ 1989లో నిరూపించాడు కూడా. నష్టం అనుకున్నంత లేదన్నమాట. అయినా నాకు గారడీ అనిపించదు. బీజగణిత సమాసాల్ని కుదించే ప్రోగ్రాం ఒకటి నేను రాశాను. నియమాల వరస మారిస్తే జవాబు మారేది. ఒక్కో నియమాన్నీ విడిగా పరీక్షించాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఏ ఒక్కదాంట్లోనూ లేదనీ, వాటి పొత్తులో ఉందనీ తెలియడానికి వారాలు పట్టింది. ఆ సంగతి నాకు సూటిగా చెప్పిన పుస్తకం ఇదే.