ఐగుప్తు మగ్గానికి పొందూరు చూపు

శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్నఖాదీకి పత్తి దువ్వేది ఇనప పన్నుతో కాదు, వాలుగ చేప దవడతో. ఆ సన్నటి పళ్లతో కొండపత్తిని గింజ మీదే దువ్వితే నలుసులు రాలిపోయి పోగులన్నీ ఒకవైపుకి సాగుతాయి. గింజ తీయడం, ఏకడం, ఏకుల్ని అరటి దొప్పలో దాచడం, వడకడం, నేత అన్నీ దాని తరువాతే. అంటే ఇక్కడి తెల్లపంచె ఏటి నీళ్లలో మొదలవుతుంది. ఇది తెలిసినవాళ్లకి హీబ్రూ ప్రవక్త యెషయా గ్రంథం 19వ అధ్యాయం వింతగా తోచదు. ఐగుప్తు మీద పలికిన ఆ కఠినమైన ప్రవచనంలో ముందు నైలు ఇంకిపోతుంది, తరువాత రెల్లు వాడిపోతుంది. గాలం వేసేవాళ్లు, వల విసిరేవాళ్లు ఏడుస్తారు. ఆ వెంటనే నార దువ్వేవాళ్లు, తెల్లబట్ట నేసేవాళ్లు, చివరికి కూలివాళ్లు దిగాలుపడతారు. జాలరి పక్కనే నేతగాడు ఎందుకొచ్చాడని పొందూరులో ఎవరూ అడగరు. ఈ అధ్యాయాన్ని శాపాల పద్దుగా చూసి పేజీ తిప్పేసేవాళ్లు పోగొట్టుకునేది ఈ చూపునే. నది ఎండితే ఆ దెబ్బ ఏ చేతి నుంచి ఏ చేతికి పాకుతుందో వరసగా లెక్కగట్టిన మనిషి, రెండున్నర వేల ఏళ్లకి పైగా వెనక ఉన్నాడు. ఆశ్చర్యం అక్కడ మొదలవ్వాలి.

మాట కూడా కొంత అడ్డుపడుతుంది. తెలుగు బైబిలు ఆ నారని జనుపనార అంది. నెల్లిమర్ల జూట్ మిల్లుని ఎరిగిన మన జిల్లాల వాళ్లకి జనుపనార అంటే గోనెసంచి. మూలంలో ఉన్నది అవిసె నార. ఐగుప్తువాళ్లు దానితో ఒంటి రంగు కనిపించేంత పల్చటి బట్ట నేశారు. అక్కడ గోనె తీసి పొందూరు పంచె పెట్టి చదివితే నష్టం ఎంతటిదో తెలుస్తుంది. తరాల పాటు కూడబెట్టిన పనితనం, ఒక్క నది ఎండితే, నిలువునా కూలిపోతోంది. ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది: ఫరో కొలువు చేసిన తప్పుకి నార దువ్వేవాడు ఎందుకు ఏడవాలి? ఆ ప్రశ్నకి ఈ అధ్యాయం సర్దిచెప్పదు. కాని నేతగాళ్ల మీద ఒక్క నేరమూ మోపదు. వాళ్ల దిగులు చెప్పిన వెంటనే ఐగుప్తు పట్టణం సోయనులోని అధిపతుల వైపు తిరిగి, మీరు వెర్రివాళ్లు, దేశాన్ని దారి తప్పించారు అని తిడుతుంది. తప్పు ఎవరిదో, బాధ ఎవరిదో విడివిడిగా రాసి పెట్టింది. అది ఓదార్పు కాదు, నిజాయితీ. నిజాయితీ లేని చోట ఆశకి కాలు నిలవదు.

ఆ ఆశ అధ్యాయం చివర వస్తుంది. సైన్యాలు నడిచిన ఐగుప్తు, అష్షూరుల మధ్య రాకపోకలకి దారి పడుతుంది. ఇద్దరూ కలిసి దేవుణ్ని కొలుస్తారు. ఐగుప్తుని నా జనమని, అష్షూరుని నా చేతిపని అని దేవుడు దీవిస్తాడు. ఇది తరువాతి కాలంలో ఎవరో అతికిన వచనమని పండితులు చాలామంది అంటారు. కావచ్చు. కాని అతికినవాళ్లు పైనున్న ఏడుపుని చెరిపెయ్యలేదు. పైగా ఆ అతుకు చవకది కాదు. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఇశ్రాయేలు రాజధాని షోమ్రోనుని కూల్చింది అష్షూరే. 701లో యూదా పట్టణం లాకీషుని నేలమట్టం చేసి, ఆ బందీల ఊరేగింపుని తన రాజధాని నీనెవెలో రాజభవనం గోడల మీద చెక్కించుకున్నదీ అష్షూరే. అలాంటివాళ్ల మీద దీవెన ఎంత మింగుడుపడలేదో పాత అనువాదాలే చెబుతాయి. గ్రీకు అనువాదం దాన్ని ఐగుప్తులోను, అష్షూరులోను ఉన్న నా ప్రజలకి దీవెన అన్నట్టు తిప్పుకుంది. అరామిక్ అనువాదమైన తర్గుము కూడా దీవెనని ఇశ్రాయేలుకే మళ్లించింది. శాపాన్ని మార్చాలని కాదు, దీవెనని మార్చాలని అనువాదకుల చెయ్యి వెళ్లింది. కనుక ఈ అధ్యాయంలో కష్టమైన భాగం మనం అనుకునేది కాదు. ఐగుప్తు ఎండిపోవడం కన్నా, ఐగుప్తు మనదవ్వడమే మింగడం కష్టం.

ఇంకొక అభ్యంతరం మిగిలింది. దీవెన దేశాలకి దక్కింది సరే, ఆ నేతగాళ్ల మాటేమిటి? ఆ వచనాల్లో వాళ్లు మళ్లీ కనిపించరు, నిజమే. పొందూరులో వడికే చేతులు తగ్గిపోతున్న ఈ రోజుల్లో, ఆ లోటుని భక్తి పేరుతో పూడ్చెయ్యకూడదు. అయితే నేతగాడు రాకపోయినా అతని మాట వచ్చింది. అందరికన్నా క్రూరుడైన శత్రువుకి ప్రవచనం ఇచ్చిన పేరు చేతిపని. రాజులు పెట్టుకునే బిరుదు కాదది, మగ్గం దగ్గర పుట్టే మాట. తెగిన పోగుని ముడేసి నేత సాగించేవాళ్లకి ఆ మాట బరువు తెలుసు. తన చేతిపనిని ఎవరూ అంత తేలిగ్గా పారెయ్యరు.